సూదుల డబ్బాను పడేసి చూడటం గురించి

మా షెడ్డు తూర్పు గోడ మీద, నేల నుంచి సరిగ్గా 1.2 మీటర్ల ఎత్తున, ఒక ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత కింద, అంచు పగిలిందని ఎవరూ కొనకుండా మిగిలిపోయిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలక ఒకటి కాంక్రీటులో పాతి ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని వాస్తు కోసం వేయించిన రాయి అనుకుంటారు; ఒక పెద్దాయన అయితే చెప్పులు విడిచి మరీ దాని పక్క నుంచి నడిచారు. నిజానికి అది డబ్బాలను పడేసే రాయి. ఆసుపత్రులలో వాడేసిన సూదులు, బ్లేడ్లు వేసే తెల్ల డబ్బాలను మేము తయారుచేస్తాము. తయారైనవాటిలో కొన్నింటిని నింపి, మూసి, ఆ గీత ఎత్తు నుంచి ఆ రాయి మీద పడేసి చూస్తాము. పన్నెండేళ్లుగా అక్కడ క్వాలిటీ చూసేది నేనే. నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఇంట్లోవాళ్లు "డబ్బాలు కింద పడేస్తాడు" అని చెబుతారు. అది అబద్ధమని నేను అనలేను.

మాది ఒంగోలు శివారులో ఉన్న చిన్న మౌల్డింగ్ యూనిట్టు. మొదట్లో రొయ్యల చెరువులవాళ్లకు టబ్బులు, పెయింటు కంపెనీలకు బకెట్లు చేసేవాళ్లం. 1998 నాటి పాత నియమాల స్థానంలో 2016 మార్చి 28న కేంద్ర ప్రభుత్వం జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలను ప్రకటించిన తరువాత, నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ నర్సింగ్ హోములవాళ్లు రంగు డబ్బాల కోసం రావడం మొదలైంది. శరీర భాగాలు, రక్తం అంటిన దూది, గడువు తీరిన మందుల వంటివి పసుపు సంచిలోకి. సెలైన్ గొట్టాలు, గ్లవ్స్, సూది తీసేసిన సిరంజీలు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు, శరీరంలో అమర్చే లోహపు పరికరాలు నీలం పెట్టెలోకి వెళ్లాలన్నది ఆ నియమాల సారం. శరీర భాగాలు, రక్తం అంటిన వ్యర్థాల వంటివాటిని శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు కాబట్టి, బండి రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ వచ్చి తీసుకుపోతుంది. అంటే ఈ డబ్బాలు చెత్తబుట్టల్లా ఒక మూల కూర్చునేవి కావు. వార్డు నుంచి మెట్ల మీదుగా కిందికి, అక్కడి నుంచి బండిలోకి, హైవే మీద పదుల కిలోమీటర్లు, మళ్లీ శుద్ధి కేంద్రంలో చేతుల మీదుగా కిందికి ప్రయాణం చేసేవి.

నియమాల షెడ్యూలులో తెల్ల డబ్బాకు ఉన్నవి మూడే మాటలు: పంక్చర్ ప్రూఫ్, లీక్ ప్రూఫ్, ట్యాంపర్ ప్రూఫ్. లోపలి సూది గోడను పొడుచుకుని బయటికి రాకూడదు, లోపలి ద్రవం కారకూడదు, ఒకసారి మూసిన మూతను మళ్లీ ఎవరూ తెరవలేనట్టు ఉండాలి. ఎంత బలానికి గుచ్చుకోకూడదు, ఎంత ఎత్తు నుంచి పడినా కారకూడదు అనే లెక్క ఆ వరుసలో లేదు. కొనేవాళ్లు ఆ మూడు మాటలను టెండరు కాగితంలోకి ఎత్తి రాస్తారు, అమ్మేవాళ్లు అవే మూడు మాటలను డబ్బా మీద అచ్చు వేస్తారు. మాటకు మాట సరిపోతుంది, డబ్బా సంగతి మాత్రం ఎవరూ అడగరు. మేమూ రెండేళ్ల పాటు అలాగే అమ్మాము.

లెక్కలు కావాలనుకుంటే, ప్రమాదకరమైన సరుకుల రవాణా కోసం ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం రూపొందించిన నమూనా నిబంధనల దగ్గరికి వెళ్లాలి. ఓడలో, విమానంలో, దేశాల సరిహద్దులు దాటే లారీలో వెళ్లే సరుకుకు ఆధారం అవే. వాటిలో ఆసుపత్రి వ్యర్థానికి యూఎన్ 3291 అని సంఖ్య ఉంది. అది తరగతి 6.2 కిందికి, అంటే జబ్బు అంటించే పదార్థాల కిందికి వస్తుంది; దాని డబ్బాకు అడిగేది ప్యాకింగ్ గ్రూపు రెండు స్థాయి. ఈ గ్రూపులు ప్రమాద తీవ్రతను బట్టి పెట్టినవి, ఒకటి అన్నిటికన్నా ప్రమాదకరమైనదానికి. ఎలా ప్యాక్ చేయాలో చెప్పే పీ621 అనే సూచన ప్రకారం, గట్టి గోడలున్న, కారని డబ్బా కావాలి. లోపల ఎంత ద్రవం ఉందో అంతటినీ పీల్చుకునే పదార్థం కూడా ఉండాలి. గాజుముక్కలు, సూదులు వేసేదైతే గుచ్చుకోవడాన్ని తట్టుకోవాలి, పరీక్షలు జరుగుతున్నంతసేపూ ద్రవాన్ని తనలోనే నిలుపుకోవాలి. మన జిల్లా రోడ్ల మీద తిరిగే బండిలోని డబ్బాకు ఆ యూఎన్ ముద్ర ఉండి తీరాలని 2016 నియమాలు చెప్పవు. అయినా, కొలిచి చూడటానికి ఒక గజం బద్ద కావాలి కదా అని మేము దాన్నే పట్టుకున్నాము. మా గోడ మీది గీత అలా వచ్చింది: ప్యాకింగ్ గ్రూపు ఒకటికి 1.8 మీటర్లు, రెండుకు 1.2, మూడుకు 0.8.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. నెల్లూరులో ఒక ఆసుపత్రి కొనుగోళ్లు చూసే ఆయన ఒకసారి ఫోను చేసి "మీకు 9 మీటర్ల టెస్టు రిపోర్టు ఉందా?" అని అడిగారు. ఎవరో పోటీదారు ఆయనకు ఆ అంకె చెప్పి ఉంటారు. 9 మీటర్ల పరీక్ష ఉన్న మాట నిజమే, కానీ అది ఎబోలా వంటి వైరసులను పెంచిన కల్చర్లను, అంటే "కేటగిరీ ఏ" అనే అత్యంత ప్రమాదకరమైన పదార్థాలను, మోసుకుపోయే మూడు పొరల ప్యాకింగుకు సంబంధించినది. దాన్ని దాదాపు మూడంతస్తుల ఎత్తు నుంచి పడేస్తారు. చిన్న ప్యాకెట్లయితే ఏడు కిలోల బరువు, 38 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు కడ్డీని మీటరు ఎత్తు నుంచి దాని మీదికి వదులుతారు. వార్డులోని సూదుల డబ్బాకు ఆ పరీక్ష అడగటం ఆటోకు విమానం లైసెన్సు అడగటం లాంటిది. నేను ఇదంతా చెప్పాక ఆయన కాసేపు ఆగి "అయితే 1.2 మీటర్లదన్నా పంపండి" అన్నారు. అప్పటికి మా దగ్గర అదీ లేదు. ఈ పని మొదలుపెట్టడానికి అసలు కారణం ఆ ఫోను కాలే.

పడేసి చూడటం అంటే పిల్లలాటగా అనిపిస్తుంది గానీ, నిబంధనలు దానికి కూడా పద్ధతి పెట్టాయి. కింద పరిచిన తలం గట్టిగా, సమంగా, డబ్బా పడినా కదలనంత బరువుగా ఉండాలి, అందుకే గ్రానైటు. డబ్బా ఘన పదార్థాలకైతే కనీసం 95 శాతం, ద్రవాలకైతే 98 శాతం నిండి ఉండాలి. ప్లాస్టిక్కు పెట్టె అయితే దాన్నీ, లోపలి సరుకునూ సున్నాకు దిగువన 18 డిగ్రీలకు చల్లబరిచి మరీ పడేయాలి. ఒక డబ్బా అడుగు మీద, ఒకటి మూత మీద, ఒకటి పొడవు పక్క మీద, ఒకటి పొట్టి పక్క మీద, ఒకటి మూల మీద. అయిదు పడవేతలకు అయిదు వేరు వేరు డబ్బాలు.

మైనస్ 18 అనగానే మా ఓనరు నవ్వారు. రోహిణి కార్తెలో ఒంగోలు రోడ్డు మీద నిలబడ్డవాడికి ఆ అంకె ఎగతాళిగానే ఉంటుంది. కానీ ప్లాస్టిక్కు తెలిసినవాళ్లకు అందులోని కిటుకు అర్థమవుతుంది. మేము వాడే పాలీప్రొపిలీన్‌లో హోమోపాలిమర్ రకం సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే పెళుసుబారుతుంది. కోపాలిమర్ రకం ఇంకా చాలా చలిని తట్టుకుంటుంది. చౌకగా దొరికేది మొదటిది. రెండింటి గింజలూ చేతిలో ఒకేలా కనిపిస్తాయి, రెండింటి డబ్బాలూ అల్మారాలో ఒకేలా మెరుస్తాయి. చల్లబరిచి మూల మీద పడేస్తే మాత్రం ఒకటి అప్పడంలా విరుగుతుంది, రెండోది సొట్టపోయి ఊరుకుంటుంది. చలి లేని ఊళ్లో కూడా ముడిసరుకు నిజాన్ని చలే బయటపెడుతుంది.

చల్లబరిచే ఏర్పాటు మా దగ్గర లేదు. అయితే ఈ తీరంలో రొయ్యల ప్లాంట్లకు కొదవ లేదు. మాకు పాత పరిచయం ఉన్న ఒక ప్లాంటువాళ్లు, సరుకు పెట్టని పాత డీప్ ఫ్రీజరు ఒకటి గొడౌను వెనక ఉంటే దాన్ని వాడుకోనిచ్చారు. తెల్ల డబ్బా, దాని మీద జీవప్రమాద చిహ్నం చూసి అక్కడి వాచ్‌మన్ మొదటి రోజు నన్ను గేటు దగ్గరే నిలబెట్టేశాడు. 1966లో ఒక అమెరికన్ రసాయన కంపెనీలో, చూసినవాళ్లు మరచిపోకుండా ఉండాలని ప్రత్యేకంగా గీయించిన గుర్తు అది. మా వాచ్‌మన్ విషయంలో బాగానే పనిచేసింది. ఇవి ఆసుపత్రికి వెళ్లని కొత్త డబ్బాలని, లోపలున్నవి వాడని సిరంజీలని నమ్మించడానికి అరగంట పట్టింది.

లోపల ఏం నింపాలన్న దానిలో నేను మొదట తప్పు చేశాను. ఇసుక నింపేవాణ్ని. ఇసుక బరువుకు సరిపోతుంది గానీ, పడిన క్షణంలో అది మెత్తగా సర్దుకుని తాకిడిని తనలోకి తీసుకుంటుంది. సూదులు అలా సర్దుకోవు, గుంపుగా ఒక మూలకు దూసుకుపోతాయి. ఇప్పుడు గడువు తీరిన, వాడని సిరంజీలనూ సూదులనూ వేసి, రేడియేటరులో పోసే ఆకుపచ్చ కూలెంటు కలిపిన నీళ్లు కొన్ని పోస్తాము. కూలెంటు ఉంటే నీళ్లు గడ్డకట్టవు, కారితే తెల్లకాగితం మీద ఆకుపచ్చ మరక పడుతుంది. మూల మీద పడిన డబ్బాను ఎత్తి, కింద పరిచిన కాగితాన్ని వెలుగులో తిప్పి చూసే ఆ అర నిమిషం మా షెడ్డులో ఎవరూ మాట్లాడరు.

ఆ నిబంధనలలో నాకు నచ్చనిది ఒకటుంది. రాయికి తగిలిన క్షణంలో మూత దగ్గర కాస్త చిందినా, ఆ తరువాత కారడం ఆగిపోతే దాన్ని వైఫల్యంగా లెక్కించరు. రసాయనాల పీపాలకు ఆ సడలింపు సబబే కావచ్చు. చిందేది వేరొకరి రక్తమైనప్పుడు, డబ్బా పక్కన నిలబడినవాడికి ఆ కాస్తే చాలు. అందువల్ల మా రిజిస్టరులో ఆకుపచ్చ చుక్క ఒక్కటి పడినా ఫెయిల్ అని రాస్తాము. ఈ విషయంలో మా ఓనరుకూ నాకూ రెండుసార్లు గొడవ అయింది.

ఇన్ని పరీక్షలు నెగ్గిన డబ్బా కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో మా పరువు తీసింది. పరువు సంగతి పక్కన పెడితే, ఒక మనిషిని గాయపరిచింది. రాత్రి ఎనిమిదిన్నరకు, కావలి అవతల హైవే పక్కన ఆగిన బండి నుంచి లోడరు కుర్రవాడు ఫోను చేశాడు. డబ్బా మీద మా నంబరు ఉంటుంది.

"సార్, మీ డబ్బా మూత లేచిపోయింది. సర్దతా ఉంటే చేతికి గుచ్చుకునింది. ఇప్పుడు ఏం చేసేది?"

సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగమని, వేలిని పిండవద్దని, తిన్నగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లమని చెప్పాను. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులను ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటనివ్వకూడదు. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకున్నప్పుడు అది సోకే అవకాశం సుమారు 0.3 శాతమే గానీ, హెపటైటిస్ బీ ఉన్న రోగి సూది అయితే టీకా వేయించుకోనివాళ్లకు అది సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నియమాలలోనే ఉంది. అతనికి అవి వేయించి ఉండటం ఆ రాత్రి దొరికిన ఒకే ఒక్క మంచి కబురు. నెలల తరబడి రక్తపరీక్షలు జరిగి, చివరికి ఏమీ లేదని తేలేదాకా నేను అతని ఫోనుకు భయపడుతూనే ఉన్నాను.

మర్నాడు వెళ్లి ఆ డబ్బాను చూశాను. ఎక్కడా పగలలేదు. అది నాకు ఊరటనివ్వలేదు; పగిలి ఉంటే కారణం అక్కడే దొరికేది. మూతకు నాలుగు వైపులా నాలుగు కొక్కేలు ఉంటాయి. వాటిలో రెండు మాత్రమే పడి ఉన్నాయి. డబ్బా మీద ఉండే నింపే గీతను దాటి నింపారు, ఒక సిరంజీ గొట్టం మూత అంచు కింద ఇరుక్కుని ఉంది. దాని మీద ఇంకో మూడు డబ్బాలు పెట్టారు. బండి పగలంతా ఎండలో తిరిగింది. సరిగ్గా పడని మూత, వేడికి మెత్తబడిన కొక్కేలు, పైనుంచి బరువు, కింద నుంచి ఇరుక్కున్న సిరంజీ. గోతిలో పడిన ఒక్క కుదుపుకు మూత లేచిపోయింది.

పరీక్షలో ఆ మూతను మూసింది ఎవరు? నేను. డబ్బాను బల్ల మీద పెట్టి, రెండు చేతులతో నాలుగు వైపులా నొక్కి, నాలుగు "టక్"లు విని మరీ మూశాను. నిబంధనలు కూడా డబ్బాను రవాణాకు సిద్ధం చేసినట్టే సిద్ధం చేసి పరీక్షించమంటాయి. రవాణాకు దాన్ని సిద్ధం చేసేది నేను కాదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ నెలలోనే నలభై కొత్త డబ్బాలను నెల్లూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయి, రోజూ మూతలు వేసేవాళ్లనే వేయమని అడిగాను. నైటు డ్యూటీ దిగుతున్న సిస్టర్లు, వార్డు ఆయాలు, పారిశుద్ధ్యం పని చేసేవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి మూశారు. నేను ఏమీ నేర్పలేదు, కేవలం చూశాను. చాలామంది ఒక చేత్తోనే, గ్లవ్ వేసుకున్న అరచేతితో నడిమధ్యన ఒక్క దెబ్బ కొట్టి వదిలేశారు. నడిమధ్యన కొడితే రెండు ఎదురెదురు కొక్కేలు పడతాయి, మిగతా రెండూ పడినట్టు కనిపిస్తాయి.

"ఏమ్మా, మూత పూర్తిగా పడిందా?" అని ఒకావిడను అడిగాను.

"పడిందనే అనుకుంటాం సార్. నాలుగు పక్కలా తిప్పి చూసేదానికి యాడ కుదరద్ది? ఇంకా రెండు వార్డులు ఉండాయి."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఆ తరువాత కొక్కేలు నాలుగూ తీసేసి, చుట్టూ ఒకే అంచుగా పడే మూత చేయించాము. మధ్యలో కొట్టినా చుట్టూ సమంగా దిగుతుంది, పూర్తిగా దిగితేనే మధ్యనున్న ఎర్ర బొడిపె లోపలికి పోతుంది. ఎర్ర బొడిపె పైకి కనిపిస్తే డబ్బాను బండి ఎక్కించవద్దని లోడర్లకు చెప్పాము. నింపే గీతను ముప్పాతిక దగ్గరికి దించాము. డై, అంటే అచ్చు, మార్చడానికి అయిన ఖర్చు చూసి మా ఓనరు వారం రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

దొంతి పెట్టే పరీక్షలో కూడా మాకు మన ఎండే అడ్డం వచ్చింది. మూడు మీటర్ల ఎత్తుకు దొంతి పెడితే అట్టడుగు డబ్బా మీద ఎంత బరువు పడుతుందో అంత బరువును 24 గంటలు ఉంచి చూడాలన్నది నియమం. మా డబ్బా ఎత్తు 30 సెంటీమీటర్లు కాబట్టి పైన తొమ్మిది డబ్బాలు. నాలుగేసి కిలోల చొప్పున 36 కిలోలు, అంటే ఒక 25 కిలోల బియ్యం బస్తా మీద ఇంకో అర బస్తాకు కాస్త తక్కువ. ద్రవాలు తీసుకుపోయే ప్లాస్టిక్కు పీపాలకైతే 40 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచాలి. మాలాంటి ఘన వ్యర్థాల పెట్టెకు ఆ వేడి నిబంధన లేదు. మే నెలలో మూసిన బండి లోపల థర్మామీటరు పెట్టి చూస్తే మధ్యాహ్నానికి 50 దాటింది. అప్పటి నుంచి దొంతి పరీక్షను చల్లటి షెడ్డులో కాకుండా, ఎండలో నిలిపిన మూసిన బండిలోనే చేస్తున్నాము. పుస్తకం అడగని పరీక్ష ఇది, కానీ ఆ కుర్రవాడి వేలికి సంబంధించినది.

గుచ్చి చూసే పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2132 ప్రకారం, డబ్బా గోడను సూది పొడిచి దాటడానికి సగటున కనీసం 15 న్యూటన్ల బలం కావాలి, ఏ ఒక్క చోటా 12.5 కన్నా తగ్గకూడదు. మన లెక్కలో సుమారు కిలోన్నర బరువు. గోడ నుంచి ముక్కలు కోసి, సూదిని స్ప్రింగు త్రాసుకు బిగించి మెల్లగా నొక్కుతాము. ముక్కలను ఎక్కడి నుంచి కోశారన్నదే ఇందులో అసలు విషయం. గాలి ఊది చేసే డబ్బాలలో ప్లాస్టిక్కు మూలల వైపు సాగి పలచబడుతుంది. గోడ నడుమ నుంచి ముక్క కోసిస్తే ఏ డబ్బా అయినా పాసవుతుంది. ఎవరైనా పరీక్ష రిపోర్టు చూపిస్తే నేను ముందు అడిగేది మూల నుంచి కోశారా అని.

సంచుల గురించి అడిగే మిత్రులు ఉన్నారు. మేము సంచులు చేయము గానీ కొని చూశాము. బజారులో అందరూ మైక్రాన్లే అడుగుతారు. మందం ఒక్కటే బలం కాదు. పెద్దమొత్తంలో తీసుకుపోయే ఆసుపత్రి వ్యర్థాల సంచికి ఐక్యరాజ్యసమితి నిబంధనలు రెండు అంకెలు చెబుతాయి: ఐఎస్‌ఓ 7765-1 పద్ధతిలో తాకిడికి కనీసం 165 గ్రాములు, ఐఎస్‌ఓ 6383-2 పద్ధతిలో చినుగుడుకు కనీసం 480 గ్రాములు, అది కూడా పొడవునా అడ్డంగానూ రెండు దిశలలో. మొదటి పద్ధతిలో ఫిల్మును బిగించి, గుండ్రని తల ఉన్న బరువును 66 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. చినిగితే బరువు తగ్గిస్తూ, ఆగితే పెంచుతూ, సగం నమూనాలు చినిగే బరువును పట్టుకుంటారు. "రెండు దిశలలో" అన్న మాట వెనుక అనుభవం ఉంది. గాలితో ఊది లాగిన ఫిల్ము, లాగిన దిశలో పాత పంచెలా సర్రున చినుగుతుంది, అడ్డంగా లాగితే మొండికేస్తుంది. నమూనా చూపించేటప్పుడు అమ్మేవాడు ఎప్పుడూ అడ్డంగానే లాగి చూపిస్తాడు.

పసుపు సంచికి ఇంకో పరీక్ష ఇంట్లో కూడా చేయవచ్చు, కానీ ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడకుండా చేయాలి. పసుపు సంచి చివరికి కాలేది ఇన్సినరేటరులో. అందులో క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్కు ఉంటే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విష రసాయనాలు పుట్టే ప్రమాదం ఉంది కాబట్టి, క్లోరిన్ కలిసిన సంచుల వాడకాన్ని 2019 మార్చి 27 నాటికి మానేయాలని నియమాలు గడువు పెట్టాయి. రాగి తీగను నీలిమంటలో ఎర్రగా కాల్చి, సంచికి తాకించి, అంటుకున్న ప్లాస్టిక్కుతో సహా తీగను మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే. ఒకసారి "నాన్ క్లోరినేటెడ్" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన సంచి నా తీగ మీద కార్తీకంలో కాల్చిన మతాబాలా ఆకుపచ్చగా వెలిగింది. సరఫరా చేసినాయనకు ఆ వీడియో పంపితే సమాధానం రాలేదు.

అట్టపెట్టెల సంగతి నియమాలే తేల్చేశాయి. నీలం వర్గానికి మొదట అట్టపెట్టెలు చెప్పి, 2018 సవరణలో వాటి బదులు గుచ్చుకోని, కారని పెట్టెలే ఉండాలన్నారు. నవంబరు వాయుగుండం రోజుల్లో ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక అట్టపెట్టెను వరండాలో రాత్రంతా ఉంచి, పొద్దున దాని అడుగున చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఆ సవరణ ఎందుకో చెప్పనక్కర్లేదు.

పరీక్ష సర్టిఫికెట్టును గోడకు తగిలించుకున్నాక కూడా తప్పు చేయడానికి మా యూనిట్టు లోపలే దారులున్నాయి. రన్నర్లు (అచ్చులోకి ప్లాస్టిక్కు పారే దారిలో మిగిలిపోయే ముక్కలు), పాడైన డబ్బాలు మిషనులో పొడి చేసి కొత్త గింజలలో కలపడం ఈ వృత్తిలో మామూలే. మేము దాన్ని గ్రైండింగ్ మెటీరియల్ అంటాము. ఆర్డరు తొందరలో ఉన్నప్పుడు, ముడిసరుకు ధర పెరిగినప్పుడు, గ్రైండింగ్ వాటా చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. డబ్బా రంగు కొంచెం మసకబారుతుంది, అంతే. పరీక్షించిన డబ్బా వేరు, ఆ వారం లోడు అయిన డబ్బా వేరు. నమూనాలో గానీ ముడిసరుకులో గానీ చేసే తీరులో గానీ మార్పు వస్తే పరీక్షలు మళ్లీ చేయాలని నిబంధనలు అంటాయి గానీ, గ్రైండింగ్ పెరగడాన్ని మార్పుగా ఒప్పుకునే ఓనరు అరుదు. నేను షిఫ్టుకు ఒక డబ్బాను, ఏదని ముందు చెప్పకుండా, లైను మీది నుంచి తీసి మూల మీద పడేస్తాను. మిషను దగ్గరి పిల్లలు నన్ను చూడగానే "అన్నా, ఇయ్యాల ఏది?" అంటారు.

బయటి నుంచి వచ్చే ఒత్తిడి ఇంకో రకం. కొన్ని చోట్ల మూత మళ్లీ తెరుచుకునేలా చేసిమ్మని అడుగుతారు. డబ్బాలోని సూదులను ఎక్కడో గుమ్మరించి, అదే డబ్బాను మళ్లీ వార్డులో పెడితే ఖర్చు కలిసి వస్తుందన్నది వాళ్ల లెక్క. అలా కడిగి మళ్లీ వాడటానికే తయారుచేసే డబ్బాలు వేరే ఉన్నాయి, వాటికి మిషను మీద ఖాళీ చేసే ఏర్పాటు, వేరే ప్రమాణం ఉన్నాయి. మామూలు డబ్బాను చేత్తో బోర్లించే మనిషికి అవేవీ ఉండవు. మేము కాదన్న ఒక ఆర్డరు, మూడు నెలల తరువాత తెరుచుకునే మూతతో వేరేవాళ్ల డబ్బాగా అదే వార్డులో కనిపించింది. ధర డబ్బాకు ఆరు రూపాయలు తక్కువ.

ఈ మధ్య ఆ లోడరు కుర్రవాడు, ఇప్పుడు పెళ్లయి ఒక బిడ్డ కూడా, మా షెడ్డుకు వచ్చాడు. కొత్త మూత బాగుందన్నాడు. పిడి మాత్రం ఇరుకుగా ఉందన్నాడు. "మందం గ్లవుసులు ఏసుకుంటే ఏళ్లు దూరవు సార్. ఇంకేం చేసేది, మూత పట్టుకునే ఎత్తతాం." నేను గ్లవ్స్ తెప్పించుకుని అతని ముందే ప్రయత్నించాను, నావి సన్నటి వేళ్లే, అయినా రెండు వేళ్లకు మించి దూరలేదు. ఇన్నాళ్లుగా మేము పరీక్షిస్తున్న ఆ మూతను పట్టుకునే జనం డబ్బాను ఎత్తుతున్నారు.

పిడిని పన్నెండు మిల్లీమీటర్లు వెడల్పు చేయించాము. పిడి మారింది కాబట్టి డబ్బా కొత్తదే, పరీక్షలన్నీ మొదటి నుంచి. నిన్న సాయంత్రం అయిదు డబ్బాలు నింపి, మూతలు నేను వేయకుండా మా ఆఫీసు ఊడ్చే ఆమె చేత వేయించి, రొయ్యల ప్లాంటుకు తీసుకుపోయాను. వాచ్‌మన్ ఇప్పుడు అడ్డగించడు గానీ, రిజిస్టరులో "సూదుల సారు, 5 డబ్బాలు, కొత్తవే" అని రాసి సంతకం పెట్టించుకుంటాడు. రేపు పొద్దున ఆరింటికి తీసుకువచ్చి, వేడెక్కక ముందే గీత దగ్గరికి చేర్చాలి. మూల మీద పడవలసినదానికి ఈసారి పిడి ఉన్న వైపు మూలనే ఎంచుకున్నాను.